నడుస్తున్న సర్వర్ మీద వెబ్‌సైట్ బ్యాకప్: సైట్ పడిపోకుండా ఎలా తీయాలి

పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే ఒకాయన సైట్ చాలా ఏళ్లుగా నేనే చూసుకుంటున్నాను. ఒకసారి దసరా ముందు వారం, ఆర్డర్లు బాగా పడుతున్న రోజుల్లో, బ్యాకప్ తీసి చాలా కాలమైందని గుర్తొచ్చి భయమేసింది. పొద్దున్న పదకొండింటికి సర్వర్‌లోకి లాగిన్ అయ్యి సైట్ ఫోల్డర్ మొత్తాన్ని టార్ ఫైల్‌గా, అంటే అన్నీ కలిపిన ఒకే ఫైల్‌గా, కట్టడం మొదలుపెట్టాను, ఆ టార్ ఫైల్‌ని అదే డిస్క్ మీద పక్క ఫోల్డర్‌లో పెట్టమని చెప్పి టీ తాగడానికి కిందికి దిగాను. పావుగంటకి ఫోన్. "ఏటైంది బాబూ, డబ్బులు కట్టే కాడ తిరుగుతానే ఉందంట, ముగ్గురు ఫోన్ చేసినారు" అన్నాడాయన. పరుగున వచ్చి చూస్తే డిస్క్ నూటికి నూరు శాతం నిండిపోయి ఉంది, డేటాబేస్‌కి కొత్త ఆర్డర్ రాసుకోవడానికి చోటు లేదు. సగం కట్టిన టార్ ఫైల్‌ని చెరిపేసి, డేటాబేస్‌ని మళ్లీ లేపి, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకునేసరికి ఒంటిగంటయింది.

సైట్‌ని కాపాడదామని మొదలుపెట్టిన పనే సైట్‌ని పడేసింది. అందుకే ఈ మార్గదర్శిలో ప్రతి అడుగునీ రెండు ప్రశ్నలతో చూస్తాను: ఈ కాపీ రేపు పనికొస్తుందా, దీన్ని తీస్తున్న ఈ గంటలో సైట్‌కి ఏమైనా అవుతుందా.

మీ దగ్గర ఉబుంటు గానీ డెబియన్ గానీ లినక్స్ నడిచే ఒక వీపీఎస్, అంటే అద్దె వర్చువల్ సర్వర్, ఉందని, దాని మీద వర్డ్‌ప్రెస్ లాంటి పీహెచ్‌పీ సైట్, మైఎస్‌క్యూఎల్ లేదా మరియాడీబీ డేటాబేస్ ఉన్నాయని అనుకుని రాస్తున్నాను. కమాండ్లని, ఆప్షన్లని వాటి పూర్తి పేర్లతో పిలుస్తాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. పొడుగు పేరున్న ఆప్షన్ల ముందు రెండు అడ్డగీతలు పెట్టాలి. అనుమానం వస్తే ఆ కమాండ్ మాన్ పేజీ, అంటే దాని వివరణ పేజీ, తెరిచి చదవండి, అందులో ఇదే పేరుతో వెతికితే దొరుకుతుంది.

మొదటి అడుగు: ఏమేం తీయాలో కాగితం మీద రాయండి

సైట్ అంటే ఒక్క ఫోల్డర్ అనుకునేవాళ్లే ఎక్కువ. వర్డ్‌ప్రెస్‌లో మీరు రాసిన పోస్టులు, ఆర్డర్లు, కస్టమర్ల వివరాలు ఏవీ ఫైల్స్‌లో ఉండవు, అవన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. ఫైల్స్‌లో ఉండేది ఫొటోలు, థీమ్, ప్లగిన్లు, ఇంకా డేటాబేస్ పాస్‌వర్డ్ రాసి ఉండే కాన్ఫిగ్ ఫైల్. ఈ రెండూ కాక మూడోది ఒకటుంది, సర్వర్ చచ్చిపోయిన రోజు దాకా ఎవరికీ గుర్తురాదు: ఈటీసీ ఫోల్డర్‌లో ఉండే ఎన్‌జిన్‌ఎక్స్ లేదా అపాచీ వెబ్ సర్వర్ సెట్టింగులు, సైట్ సర్టిఫికెట్లు ఉండే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఫోల్డర్, పీహెచ్‌పీ సెట్టింగులు, మీ క్రాన్ జాబులు (వేళకి వాటంతటవే నడిచే పనులు). వాటితోపాటు సర్వర్‌లో ఏ పీహెచ్‌పీ వెర్షన్ ఉంది, ఏ డేటాబేస్ వెర్షన్ ఉంది, ఏయే ప్యాకేజీలు వేసి ఉన్నాయి అనే జాబితా కూడా ఒక టెక్స్ట్ ఫైల్‌లో రాసి పెట్టుకోండి. పాత సైట్ కొత్త పీహెచ్‌పీ మీద తెరుచుకోక తలపట్టుకునే రోజు ఆ ఒక్క ఫైలే దారి చూపిస్తుంది.

తీయక్కర్లేనివీ ఉన్నాయి. క్యాష్ ఫోల్డర్లు, తాత్కాలిక సెషన్ ఫైల్స్, బ్యాకప్ ప్లగిన్లు తమ సొంత ఫోల్డర్‌లో పోగేసుకున్న పాత జిప్‌లు. ఈ చివరివాటిని చూసుకోకపోతే బ్యాకప్‌లో బ్యాకప్, దాని లోపల ఇంకో బ్యాకప్ చేరి, రెండు జీబీల సైట్ ఇరవై జీబీలవుతుంది.

రెండో అడుగు: చోటు చూడండి, వేళ చూడండి

డీఎఫ్ కమాండ్‌తో డిస్క్‌లో ఎంత ఖాళీ ఉందో చూడండి, డీయూతో సైట్ ఫోల్డర్ ఎంత ఉందో చూడండి. డీఎఫ్‌నే ఇనోడ్స్ ఆప్షన్‌తో మరోసారి కొట్టండి, ఎందుకంటే జీబీలు ఖాళీ ఉన్నా ఇనోడ్‌లు (ఒక్కో ఫైల్‌కి ఒకటి చొప్పున పట్టే నమోదులు) అయిపోతే కొత్త ఫైల్ ఒక్కటి కూడా పుట్టదు. ప్రతి ఫొటోకీ అయిదారు సైజుల్లో చిన్న కాపీలు చేసే సైట్లలో ఇది నిజంగా జరుగుతుంది. నా నియమం ఒకటే: మొత్తం సైట్ కాపీని అదే డిస్క్ మీద ఎప్పుడూ కట్టను. డేటాబేస్ డంప్, అంటే డేటాబేస్ మొత్తాన్ని రాసిన టెక్స్ట్ ఫైల్, ఒక్కటే కాసేపు సర్వర్ మీద ఉంటుంది, అది కూడా డంప్ సైజుకి కనీసం మూడు రెట్లు ఖాళీ ఉంటేనే. మిగతాదంతా నెట్‌వర్క్ మీదుగా నేరుగా బయటికి పోవాలి.

ఇక వేళ. రాత్రి రెండింటికి ఎవరూ ఉండరులే అని అందరూ అదే పెడతారు. శ్రీకాకుళంలో లాడ్జి రూముల బుకింగ్ సైట్ ఒకటి చూసినప్పుడు నాకు తెలిసొచ్చింది: రథసప్తమికి అరసవల్లిలో అర్ధరాత్రి దాటగానే దర్శనాలు మొదలవుతాయి, ఆ రాత్రి రెండింటికే జనం రూముల కోసం వెతుకుతారు. విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను వారం కూడా అంతే, పగలూ రాత్రీ తేడా ఉండదు. మీ సైట్ యాక్సెస్ లాగ్ తెరిచి, గంటకి ఎన్ని రిక్వెస్టులు వస్తున్నాయో ఒక నెలకి లెక్క తీయండి. ఖాళీగా ఉండే గంట ఏదో మీ సొంత లాగే చెబుతుంది, ఊహించుకోవద్దు.

ఇంకో చిన్న సంగతి, దీన్ని తప్పించుకోలేరు. మన దగ్గర కరెంటు, నెట్ ఎప్పుడు పోతాయో చెప్పలేం. మనని సర్వర్‌తో కలిపే ఎస్‌ఎస్‌హెచ్ కనెక్షన్ తెగితే మధ్యలో నడుస్తున్న పని కూడా ఆగిపోతుంది. అందుకని సర్వర్‌లోకి వెళ్లగానే ముందు టీమక్స్ తెరిచి, దాని లోపల పని మొదలుపెట్టండి. నెట్ తెగినా పని అక్కడ నడుస్తూనే ఉంటుంది, మళ్లీ వచ్చి అదే తెరని అందుకోవచ్చు.

మూడో అడుగు: డేటాబేస్ ముందు, ఫైల్స్ తరవాత

ఈ వరసకి కారణం ఉంది. డంప్ తీసిన తరవాత ఫైల్స్ కాపీ చేస్తున్న అరగంటలో ఎవరో కొత్త ఫొటో ఎక్కించారనుకోండి. కాపీలో ఆ ఫొటో ఉంటుంది కానీ డేటాబేస్‌కి దాని సంగతి తెలియదు, ఒక అనాథ ఫైల్ పడి ఉంటుంది, నష్టమేమీ లేదు. వరస తిప్పేస్తే, డేటాబేస్ ఆ ఫొటో ఉందంటుంది, ఫైల్స్‌లో అది ఉండదు, సైట్‌లో విరిగిన బొమ్మ కనిపిస్తుంది. అదే అరగంటలో ఎవరైనా ఫొటో చెరిపితే ఇదే ఇబ్బంది ఎదురు దిక్కున వస్తుంది, కానీ చెరపడం కంటే చేర్చడమే ఎక్కువ జరుగుతుంది కాబట్టి నేను ఈ వరసే పాటిస్తాను.

డేటాబేస్ ఫైల్స్ ఉండే వార్ ఫోల్డర్‌ని, సర్వీస్ నడుస్తుండగా, ఎప్పుడూ నేరుగా కాపీ చేయకండి. మొదటి టేబుల్ కాపీ అయ్యేసరికి నాలుగో టేబుల్ మారిపోయి ఉంటుంది, కొంత మార్పు ఇంకా మెమరీలోనే ఉంటుంది, అలా తీసిన కాపీ ఒక్కోసారి లేవనే లేవదు. దాని బదులు మైఎస్‌క్యూఎల్‌డంప్ వాడి, సింగిల్-ట్రాన్సాక్షన్ అనే ఆప్షన్ ఇవ్వండి. అప్పుడు డంప్ మొదలైన క్షణంలో డేటాబేస్ ఎలా ఉందో అలాగే మొత్తం కాపీ వస్తుంది, ఈలోగా వచ్చే ఆర్డర్లు ఆగవు, టేబుళ్లకి తాళం పడదు. అయితే ఇది ఇన్నోడీబీ అనే నిల్వ పద్ధతిలో ఉన్న టేబుళ్లకే పనిచేస్తుంది. మైఎస్‌క్యూఎల్ 5.5 నుంచి ఇన్నోడీబీయే డిఫాల్ట్ గానీ, అంతకు ముందు పుట్టి చేతులు మారుతూ వచ్చిన సైట్లలో మైఐసామ్ అనే పాత పద్ధతి టేబుళ్లు ఇంకా ఉంటాయి. ముందు టేబుళ్ల స్టేటస్ చూసి, ఉంటే తీరిక రోజున, కాపీ తీసుకుని మరీ, ఇన్నోడీబీకి మార్చండి. డంప్ నడుస్తున్నప్పుడు ప్లగిన్లు అప్‌డేట్ చేయకండి, టేబుల్ నిర్మాణం మధ్యలో మారితే సింగిల్-ట్రాన్సాక్షన్ కూడా కాపాడలేదు. స్టోర్డ్ ప్రొసీజర్లు, ఈవెంట్లు (డేటాబేస్ లోపలే దాచిన చిన్న ప్రోగ్రాములు) వాడే సైట్ అయితే రొటీన్స్, ఈవెంట్స్ ఆప్షన్లు విడిగా ఇవ్వాలి, అవి వాటంతటవి రావు.

పాస్‌వర్డ్‌ని కమాండ్ లైన్ మీద రాయకండి, షెల్ హిస్టరీలో, అంటే కొట్టిన కమాండ్ల జాబితాలో, ఉండిపోతుంది. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే మై-సీఎన్‌ఎఫ్ ఫైల్‌లో పెట్టి, పర్మిషన్ 600, అంటే ఓనర్ తప్ప ఎవరూ చదవలేనట్టు, చేయండి. ఈ పనికోసం చదవడానికి మాత్రమే హక్కులున్న డేటాబేస్ యూజర్‌ని విడిగా సృష్టిస్తే ఇంకా నయం.

తెలుగు సైట్ నడిపేవాళ్లు ఇక్కడ ఒక నిమిషం ఆగాలి. అక్షరాలని బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కోటి కనీసం మూడు బైట్లు తీసుకుంటుంది, ఇమోజీలైతే నాలుగు. డంప్ తీసేటప్పుడు గానీ తిరిగి ఎక్కించేటప్పుడు గానీ మధ్యలో క్యారెక్టర్ సెట్ లాటిన్1 అని పడితే మీ పోస్టులన్నీ టోపీలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాల గుంపుగా మారిపోతాయి. పొందూరు ఖాదీ అమ్మే ఒక చిన్న సైట్‌లో చీరల పేర్లు, నేత వివరాలు అన్నీ తెలుగులో ఎంతో ఇష్టంగా రాయించుకున్నారు, సర్వర్ మారినప్పుడు అవన్నీ అలా పాడై నా దగ్గరికి వచ్చాయి. బాగుచేయడానికి మూడు రోజులు పట్టింది, కొన్ని వాక్యాలు ఎప్పటికీ తిరిగి రాలేదు. డిఫాల్ట్-క్యారెక్టర్-సెట్ ఆప్షన్‌కి యూటీఎఫ్8ఎంబీ4 అని రెండు వైపులా రాయండి, తీసేటప్పుడూ, ఎక్కించేటప్పుడూ. డంప్ తీశాక దాన్ని లెస్‌తో తెరిచి, ఒక తెలుగు పోస్టు దగ్గర అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో కళ్లతో చూడండి.

డంప్‌ని పైప్ చేసి, అంటే మధ్యలో ఫైల్‌గా రాయకుండా నేరుగా, సైజు కుదించే జీజిప్‌కి పంపడం అందరికీ అలవాటు, అందులో ఒక గుంత ఉంది. డంప్ మధ్యలో ఫెయిల్ అయినా, జీజిప్ తనకి వచ్చిన సగాన్నే చక్కగా చుట్టి, అంతా బాగానే జరిగిందని చెబుతుంది. మీ స్క్రిప్ట్ ఆ మాటే నమ్ముతుంది. బ్యాష్ స్క్రిప్ట్ మొదట్లో పైప్‌ఫెయిల్ సెట్ చేయండి, అప్పుడు ముందు కమాండ్ ఫెయిల్ అయినా స్క్రిప్ట్‌కి తెలుస్తుంది. పూర్తయిన డంప్ చివరి లైన్‌లో డంప్ కంప్లీటెడ్ అని ఉంటుంది, ఆ లైన్ ఉందో లేదో స్క్రిప్టే చూసేలా రాయండి. జీజిప్ టెస్ట్ ఆప్షన్‌తో ఫైల్ చెడలేదని కూడా చూడండి. ఈ మూడూ కలిపి నాలుగైదు లైన్లు.

డంప్‌ని ఎక్కడ పెడుతున్నారో మరీ ముఖ్యం. పబ్లిక్ ఫోల్డర్‌లో, బ్యాకప్ అనే పేరుతో ఒక జిప్ పెట్టి, బ్రౌజర్‌లో డౌన్‌లోడ్ చేసుకుని, చెరపడం మర్చిపోయిన సైట్లు నేను చాలా చూశాను. అలాంటి పేర్ల కోసం బాట్లు రోజంతా వెతుకుతూ ఉంటాయి, మీ లాగ్‌లోనే చూడొచ్చు. అందులో కస్టమర్ల ఫోన్ నంబర్లు, అడ్రసులు ఉంటాయి. వెబ్ ఫోల్డర్ బయట, 700 పర్మిషన్ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టండి.

నాలుగో అడుగు: ఆర్‌సింక్

ఫైల్స్ కోసం నేను వాడేది ఆర్‌సింక్. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకెరాస్ 1996లో మొదలుపెట్టిన పనిముట్టు, ఈరోజుకీ దీన్ని మించింది నాకు దొరకలేదు. మొదటిసారి అంతా తెస్తుంది, రెండోసారి నుంచి మారినవే తెస్తుంది, కాబట్టి సర్వర్ మీద బరువు, నెట్ ఖర్చు రెండూ తగ్గుతాయి.

ఆర్కైవ్ ఆప్షన్ తప్పకుండా ఇవ్వండి. పర్మిషన్లు, తేదీలు, సింబాలిక్ లింకులు (వేరే ఫైల్‌ని చూపించే గుర్తులు) అలాగే వస్తాయి. లెట్స్ ఎన్‌క్రిప్ట్ లైవ్ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ లింకులే, అసలు సర్టిఫికెట్లు ఆర్కైవ్ ఫోల్డర్‌లో ఉంటాయి, అందుకని లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఫోల్డర్ మొత్తాన్ని తీయాలి, లైవ్ ఒక్కటే తీస్తే చేతికి వచ్చేది ఖాళీ లింకులు. ఫైల్ ఓనర్‌ని నిలబెట్టడం మాత్రం తీసుకునే వైపు రూట్ (అన్ని హక్కులున్న యూజర్) అయితేనే కుదురుతుంది. మామూలు యూజర్‌గా ఇంటికి తెచ్చుకుంటే ఓనర్ పేరు పోతుంది, అప్పుడు సర్వర్‌లో ఏ ఫోల్డర్ ఎవరి పేరు మీద ఉందో ఒక జాబితా తీసి పక్కన పెట్టుకోండి.

సోర్స్ ఫోల్డర్ పేరు చివర స్లాష్ ఉంటే ఆ ఫోల్డర్ లోపలున్నవి మాత్రమే వస్తాయి, లేకపోతే ఫోల్డర్‌తో సహా వస్తాయి. చూడ్డానికి చిన్న గీత, కానీ డిలీట్ ఆప్షన్‌తో కలిస్తే కొంప మునుగుతుంది. డిలీట్ అంటే సోర్స్‌లో లేనిది గమ్యంలో కూడా ఉండకూడదని. సోర్స్, గమ్యం తారుమారు చేసి కొట్టారంటే, ఇంట్లో ఖాళీ ఫోల్డర్‌ని చూసి సర్వర్ మీది సైట్‌ని ఖాళీ చేసేస్తుంది. నాకు ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు ఈ తప్పు చేయడం తెలుసు. అందుకే కొత్త కమాండ్ రాసిన ప్రతిసారీ ముందు డ్రై-రన్, వెర్బోస్ ఆప్షన్లు రెండూ ఇచ్చి కొట్టండి, ఏం చేయబోతుందో జాబితా చూపిస్తుంది, ఏదీ కదపదు. ఆ జాబితాలో డిలీటింగ్ అని మొదలయ్యే లైన్లు ఎన్ని ఉన్నాయో చదవండి. తొందర ఉన్నా చదవండి.

సర్వర్ మీద బరువు పడకుండా మూడు పట్లు ఉన్నాయి. నైస్ 19 పెడితే ప్రాసెసర్ వాడకంలో మీ పని అందరికంటే వెనక్కి వెళ్తుంది. అయోనైస్‌లో మూడో తరగతి, అంటే ఐడిల్, పెడితే డిస్క్ ఖాళీగా ఉన్నప్పుడే చదువుతుంది, కాకపోతే ఇది అన్ని డిస్క్ షెడ్యూలర్లలోనూ పనిచేయదు కాబట్టి దీని ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. అన్నిటికంటే బాగా పనిచేసేది బ్యాండ్‌విడ్త్ లిమిట్ ఆప్షన్. దానికి 2000 అని ఇస్తే సెకనుకి సుమారు 2 ఎంబీ మించదు, అంటే 16 ఎంబీపీఎస్ దగ్గర. ఆ లెక్కన 10 జీబీల సైట్ మొదటిసారి రావడానికి గంటన్నర లోపే పడుతుంది, సైట్ చూసేవాళ్లకి ఏ తేడా తెలియదు. నిదానంగా వచ్చినా పర్వాలేదు, ఎవరూ తరమట్లేదు.

నడుస్తున్న సైట్ కాబట్టి కాపీ చేస్తుండగానే కొన్ని ఫైల్స్ మాయమవుతాయి, ముఖ్యంగా క్యాష్‌వి. అప్పుడు ఆర్‌సింక్ 24 అనే ఎగ్జిట్ కోడ్ (పని ఎలా ముగిసిందో చెప్పే అంకె) ఇస్తుంది, మాయమైనవి క్యాష్ ఫైల్సే అయితే టెన్షన్ అక్కర్లేదు. 23 వస్తే మాత్రం కొన్ని ఫైల్స్ రాలేదని అర్థం, ఎక్కువగా పర్మిషన్ లేక, అది వదిలేయకూడదు. టార్ వాడేవాళ్లకి చదువుతుండగా ఫైల్ మారిందనే హెచ్చరికతో 1 వస్తుంది, అసలు పని చెడితే 2 వస్తుంది. సున్నా కానిదంతా ఫెయిల్ అని రాసినా, అన్నిటినీ పట్టించుకోకుండా రాసినా, రెండూ తప్పే.

సైట్‌ని కొత్త సర్వర్‌కి మారుస్తున్నారా, ఒక్క ఆర్డర్ కూడా తేడా రాకూడదా? ఆర్‌సింక్‌ని రెండుసార్లు నడపండి. మొదటిసారి సైట్ నడుస్తుండగానే, ఎంతసేపు పట్టినా సరే. తరవాత సైట్‌ని మెయింటెనెన్స్ మోడ్‌లో పెట్టి, డంప్ తీసి, రెండోసారి ఆర్‌సింక్ కొట్టండి. ఈసారి మారినవే కాబట్టి నిమిషాల్లో అయిపోతుంది. డిస్క్‌ని భాగాలుగా నిర్వహించే ఎల్‌వీఎం ఉన్న సర్వర్ అయితే స్నాప్‌షాట్, అంటే ఆ క్షణంలో డిస్క్ ఎలా ఉందో ఆ రూపం, తీసి దాన్నుంచి కాపీ చేసుకోవచ్చు, కాకపోతే స్నాప్‌షాట్‌కి కేటాయించిన చోటు నిండితే అది చెల్లకుండా పోతుంది, పని అవగానే తీసేయాలి. స్నాప్‌షాట్ ఉన్నంతసేపూ రాతలు నెమ్మదిస్తాయి కూడా.

అయిదో అడుగు: కాపీ ఎక్కడ ఉండాలి, ఎవరు లాగాలి

మూడు కాపీలు, రెండు రకాల నిల్వ, ఒకటి ఊరి బయట. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన ఈ 3-2-1 లెక్క చాలామంది వినే ఉంటారు. ఊరి బయట అనే మాట మన జిల్లాల వాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను. తిత్లీ తరవాత ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమై, ఊళ్లకి ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. అలాంటి వారంలో మీ ఒక్కగానొక్క కాపీ ఇంట్లో బీరువా మీదున్న హార్డ్ డిస్క్‌లో ఉంటే, అది తడవకపోయినా, తెరిచి చూసే దారి ఉండదు. సర్వర్ కంపెనీ దగ్గరే వదిలేసినా అంతే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్‌లో ఓవీహెచ్ అనే సర్వర్ కంపెనీ డేటా సెంటర్ తగలబడినప్పుడు, సైట్, బ్యాకప్ రెండూ ఒకేచోట ఉన్నవాళ్లకి రెండూ పోయాయి. అందుకే నాకు ఒక కాపీ శ్రీకాకుళంలో నా గదిలో, ఒకటి వేరే కంపెనీ క్లౌడ్ స్టోరేజ్‌లో ఉంటాయి. సర్వర్ మీది అసలు సైట్‌తో కలిపి మూడు.

కాపీని సర్వర్ బయటికి తోయకూడదు, బయటి మెషీనే వచ్చి లాక్కోవాలి. సర్వర్‌కి బ్యాకప్ చోటు మీద రాసే హక్కు ఇస్తే, రేపు సైట్‌ని హ్యాక్ చేసినవాడు అదే తాళంతో బ్యాకప్‌లు కూడా చెరిపేస్తాడు. ఇంట్లో ఒక పాత లాప్‌టాప్ మీద లినక్స్ వేసి, అది రాత్రి పాస్‌వర్డ్ బదులు ఎస్‌ఎస్‌హెచ్ కీతో సర్వర్‌కి వెళ్లి ఆర్‌సింక్‌తో తెచ్చుకునేలా పెట్టండి. ఆ కీకి సర్వర్‌లో ఆథరైజ్డ్ కీస్ ఫైల్‌లో ఆర్‌ఆర్‌సింక్ అనే చిన్న స్క్రిప్ట్‌ని, రీడ్-ఓన్లీగా, ఫలానా ఫోల్డర్‌కే అని బిగించి రాయండి. లాప్‌టాప్ పోయినా, ఆ కీతో ఎవరూ సర్వర్ మీద ఏదీ చెరపలేరు.

క్లౌడ్‌కి పంపే కాపీని జీపీజీతో ఎన్‌క్రిప్ట్ చేసి పంపండి, అందులో కస్టమర్ల వివరాలు, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్నాయని మర్చిపోవద్దు. షాపులో కొన్న ఎక్స్‌టర్నల్ డిస్క్ మామూలుగా ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో వస్తుంది. ఎక్స్‌ఫ్యాట్‌లో లినక్స్ పర్మిషన్లు, లింకులు నిలవవు. ఈఎక్స్‌టీ4కి ఫార్మాట్ చేసుకోండి, లేదంటే టార్ కట్టి ఆ ఒక్క ఫైల్‌నే పెట్టండి.

రోజువారీ కాపీల కోసం ఆర్‌సింక్‌లో లింక్-డెస్ట్ అనే ఆప్షన్ ఉంది, నాకు చాలా ఇష్టమైనది. నిన్నటి ఫోల్డర్‌ని చూపిస్తే, మారని ఫైల్స్‌కి హార్డ్ లింక్ (అదే ఫైల్‌కి ఇంకో పేరు) వేసి, మారినవి మాత్రమే కొత్తగా తెస్తుంది. ప్రతి తేదీకీ ఒక పూర్తి సైట్ ఉన్నట్టే కనిపిస్తుంది, చోటు మాత్రం మార్పులకే పడుతుంది. నేను 7 రోజులవి, 4 వారాలవి, 6 నెలలవి ఉంచుతాను. హ్యాకింగ్ జరిగిన సంగతి చాలాసార్లు నెల తరవాత బయటపడుతుంది కాబట్టి, వారం రోజుల కాపీలే ఉంటే అన్నిట్లోనూ అదే పాడైన సైట్ ఉంటుంది. ఒక జాగ్రత్త: ఆ పాత ఫోల్డర్లలో ఏ ఫైల్‌నీ తెరిచి మార్చకండి, హార్డ్ లింక్ కాబట్టి ఒకచోట మారితే అన్ని తేదీల్లోనూ మారిపోవచ్చు.

ఆరో అడుగు: రోజూ దానంతటదే జరగాలి

క్రాన్‌లో పెట్టేముందు సర్వర్ గడియారం చూడండి. చాలా సర్వర్లు యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మనకి తెల్లవారుజాము రెండున్నర అంటే అక్కడ ముందు రోజు రాత్రి తొమ్మిది. క్రాన్ లైన్‌లో పర్సెంట్ గుర్తు ఉంటే ముందు బ్యాక్‌స్లాష్ వేయాలి, లేకపోతే అక్కడితో లైన్ తెగిపోతుంది. ఫైల్ పేరులో తేదీ పెట్టేవాళ్లందరూ ఒకసారైనా ఇక్కడ పడతారు. కమాండ్లకి పూర్తి పాత్ రాయండి. నిన్నటి పని ఇంకా నడుస్తుండగా ఇవాళ్టిది మొదలవకుండా ఎఫ్‌లాక్ పెట్టండి.

లాగే మెషీన్ మన ఇంట్లో ఉంది కాబట్టి ఆ సమయానికి కరెంటు పోతే క్రాన్ ఆ రోజుకి వదిలేస్తుంది. దాని బదులు సిస్టమ్‌డీ టైమర్‌లో పర్సిస్టెంట్ అని పెడితే, మెషీన్ లేవగానే తప్పిపోయిన పని చేస్తుంది. వానాకాలం అంతా నాకు ఇది రోజూ పనికొస్తోంది.

ఫెయిల్ అయితే మెయిల్ వస్తుంది కదా అని కూర్చోకండి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్ దాచే గిట్‌ల్యాబ్ కంపెనీలో ఒక ఇంజనీర్ పొరపాటున నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌నే చెరిపేశాడు. బ్యాకప్ కోసం చూస్తే, డేటాబేస్ ఒక వెర్షన్, డంప్ తీసే ప్రోగ్రామ్ పాత వెర్షన్ అయినందువల్ల డంప్‌లు రావడమే లేదు, ఫెయిల్ అయిందని చెప్పే మెయిల్స్ కూడా డీమార్క్ అనే మెయిల్ తనిఖీ కారణంగా తిరస్కరణకి గురై ఎవరికీ అందలేదు. అదృష్టం కొద్దీ వేరే పని కోసం ఆరు గంటల ముందు తీసిన ఒక స్నాప్‌షాట్ ఉంది. అంత పెద్ద కంపెనీ ఆ కథనంతా దాచకుండా బయటపెట్టినందుకు నాకు గౌరవం. అందులోంచి నేను తెచ్చుకున్న పద్ధతి: పని చేసిన స్క్రిప్ట్‌ని నమ్మకుండా, ఇంకో మెషీన్ మీద ఇంకో చిన్న స్క్రిప్ట్, అన్నిటికంటే కొత్త డంప్ 26 గంటల కంటే పాతదైతే, లేదా నిన్నటికంటే సైజు సగానికి పడిపోతే, నా ఫోన్‌కి మెసేజ్ పంపుతుంది. అన్నీ బాగున్నా ప్రతి సోమవారం ఒక మెసేజ్ వస్తుంది. సోమవారం రాకపోతే ఆ మెసేజ్ పంపే స్క్రిప్టే చచ్చిందని అర్థం.

ఏడో అడుగు: తిరిగి లేపి చూడండి

మూడు నెలలకోసారి నేను ఇది చేస్తాను, దీనికి ఒక ఆదివారం పూట తీసిపెట్టుకోండి. లాప్‌టాప్ మీద వర్చువల్‌బాక్స్‌లో గానీ, గంటల లెక్కన అద్దెకిచ్చే చిన్న సర్వర్ మీద గానీ ఖాళీ ఉబుంటు వేయండి. పాత సర్వర్ వైపు చూడకుండా, మీ దగ్గరున్న కాపీతో, మీరు రాసుకున్న కాగితంతో మాత్రమే సైట్‌ని లేపడానికి ప్రయత్నించండి. చూడాలనిపించిన ప్రతిసారీ, ఎందుకు చూడాల్సి వచ్చిందో రాసుకోండి, మీ బ్యాకప్‌లో లేనిది అదే.

డంప్ ఎక్కించేముందు ఒక పని మర్చిపోకండి: కొత్త మెషీన్ నుంచి మెయిల్స్ బయటికి పోకుండా ఆపండి, సైట్ క్రాన్‌ని ఆపండి, పేమెంట్ గేట్‌వే కీలని టెస్ట్ కీలతో మార్చండి. లేపిన సైట్‌కి తను కాపీనని తెలియదు, పాత ఆర్డర్లకి మళ్లీ మెయిల్స్ పంపుతుంది, నిజమైన కస్టమర్లకి పంపుతుంది. తరవాత ఫైల్స్ పెట్టి, ఓనర్‌ని వెబ్ సర్వర్ యూజర్‌కి మార్చి, ఫోల్డర్లకి 755, ఫైల్స్‌కి 644, కాన్ఫిగ్ ఫైల్‌కి 640 ఇవ్వండి. డొమైన్‌ని కదపక్కర్లేదు, మీ లాప్‌టాప్‌లోని హోస్ట్స్ ఫైల్‌లో సైట్ పేరు ఎదురుగా కొత్త ఐపీ రాస్తే, మీ ఒక్కరికే కొత్త సైట్ కనిపిస్తుంది. పని అవగానే ఆ లైన్ తీసేయండి.

ఇప్పుడు చూడాల్సింది మొదటి పేజీ ఒక్కటే కాదు. అడ్మిన్‌లోకి లాగిన్ అవండి, రెండేళ్ల కిందటి పోస్టు ఒకటి, నిన్నటి ఆర్డర్ ఒకటి తెరవండి, తెలుగు పేరున్న ఫొటో ఒకటి తెరుచుకుంటుందో లేదో చూడండి, ఒక టెస్ట్ ఆర్డర్ పెట్టండి. మొదటి నుంచి చివరి దాకా ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాయండి. జీడిపప్పు సైట్‌కి మొదటిసారి నాకు ఆరు గంటలు పట్టింది, ఎన్‌జిన్‌ఎక్స్ సెట్టింగులు నా కాపీలో లేవు మరి. కిందటిసారి గంటా నలభై నిమిషాల్లో అయిపోయింది.

జీపీజీ పాస్‌వర్డ్, క్లౌడ్ లాగిన్, ఈ అడుగులన్నీ రాసిన రెండు పేజీలు ఒక కవర్లో పెట్టి, సైట్ యజమానికి ఇచ్చి బీరువాలో పెట్టించండి. పలాస ఆయన దాన్ని దుకాణం లెక్కల పుస్తకాల పక్కన పెట్టుకున్నాడు. ప్రతి ఉగాదికీ పాత కవరు తీసుకుని కొత్తది ఇచ్చి వస్తాను.